పిచ్చాపాటి: పట్టిన చేపను తినవచ్చునా?

గాలం వేసి చేపను పట్టినవాడు ఆ చేపను ఏం చేయాలి?

“కూర వండుకోవాలి, ఇంకేం చేస్తాడు?” అంటారు మీరు. అడిగినవాడి మతి మీద కాస్త అనుమానం కూడా పడతారు. కాని ఇదే ప్రశ్న నాలుగు దేశాలలో అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఇంగ్లండులో అయితే, ఫొటో తీసుకుని జాగ్రత్తగా మళ్ళీ నీళ్ళలో వదలాలంటారు. జర్మనీలో అయితే, తినే ఉద్దేశం లేనివాడు అసలు గాలమే వేయకూడదంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రంలో దాన్ని ప్రాణంతో తిరిగి వదిలితే నేరం. చెక్ దేశంలో అయితే, క్రిస్మస్ దాకా ఆగి శుభ్రంగా వేయించుకుని తినమంటారు. నాలుగు చోట్లా చేప ఒక్కటే. దాని పేరు కార్పు.

శాకాహారులైన పాఠకులు ఈ పేజీ తిప్పేయనక్కరలేదు. ఇది వంట గురించి కాదు. ఒకడి తిండి ఇంకొకడి కంటికి నేరంగా ఎలా కనబడుతుందనే పేచీ గురించి. ఆ పేచీ సముద్రాలు దాటి మన వీధి గుమ్మం దాకా ఎలా వచ్చిందో తరువాత మనవి చేస్తాను.

కార్పు అనగానే మనకు సంబంధం లేని చేప అనుకోకండి. కోస్తా జిల్లాలలో బంగారుతీగ అంటారే, అదే ఇది. మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు దానికి దాయాదులు. అన్నిటిదీ ఒకే కుటుంబం. బెంగుళూరు మార్కెట్టులో కాట్లా, రోహు అని కేకలు వేసి అమ్మేది ఈ బొచ్చెనూ శీలావతినే. బంగారుతీగకు పళ్ళు నోట్లో ఉండవు, గొంతులో ఉంటాయి. చెరువు అడుగున బురద కెలికి పురుగూ పుట్రా, గింజా నాచూ ఏరుకుని బ్రతుకుతుంది. తెలివిగలది కూడాను. ఒకసారి గాలం రుచి చూసిన కార్పు చాలాకాలం ఆ ఎర జోలికి రాదని గాలం వేసేవారు చెప్పుకుంటారు.

ఇంగ్లండుకు ఇది సొంత చేప కాదు. మధ్యయుగాల చివర యూరోపు ఖండం నుంచి తెచ్చి పెంచారు. ఎందుకయ్యా అంటే, తినడానికే. శుక్రవారాలలోనూ ఉపవాసపు రోజులలోనూ మాంసం ముట్టరాదని అప్పటి క్రైస్తవ నియమం. చేప మాత్రం తినవచ్చును. అందుచేత మఠాలవారు, జమీందారులు ఇంటివెనుక చెరువులు తవ్వించుకుని చేపలు పెంచేవారు. ఆ చెరువులలోకి కార్పు వచ్చి చేరింది. 1496లో అచ్చయిన ఇంగ్లీషు గాలపు వేట పుస్తకం ఒకటి ఉన్నది. డేమ్ జూలియానా బెర్నర్స్ వ్రాసిందని చెబుతారు. కార్పు మంచి రుచిగలదే గాని దేశంలో బహు అరుదని అందులో ఉన్నది. 1653లో ఐజాక్ వాల్టన్ “ది కంప్లీట్ ఆంగ్లర్” అనే పుస్తకం వ్రాశాడు. గాలం వేసే ఇంగ్లీషువారికి అది పారాయణ గ్రంథం వంటిది. ఆయన కార్పును ఆకాశానికెత్తి పొగిడి, ఆ వెంటనే దాన్ని ద్రాక్షసారాయిలో సువాసన ఆకులూ వెన్నా వేసి ఏ విధంగా వండాలో కూడా వివరంగా చెప్పాడు. 1861లో బీటన్ అమ్మగారు గృహిణులకోసం తెచ్చిన పెద్ద పుస్తకంలోనూ కార్పు వంటకాలున్నాయి.

మరి ఆ తరువాత ఏమయింది? రైలు వచ్చింది. మంచుగడ్డలలో పెట్టిన సముద్రపు చేప తెల్లవారేసరికల్లా లోపలి ఊళ్ళకు చవకగా చేరడం మొదలుపెట్టింది. ఇక ముళ్ళెక్కువై, మట్టివాసన కొట్టే చెరువు చేపను అడిగేదెవరు? వంటింట్లో కార్పు పేరు మరిచిపోయారు. చెరువులలో మాత్రం చేప మిగిలింది. తినేవాడు లేని చేప నెమ్మదిగా పెరిగి పెద్దదయింది.

దాన్ని గాలంతో పట్టడం మనిషి తరం కాదని చాలాకాలం అనుకునేవారు. 1952లో రిచర్డ్ వాకర్ అనే ఆయన హియర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ అనే చిన్న చెరువులో 44 పౌనుల కార్పును పట్టాడు. అంటే సుమారు 20 కిలోలు. ఆయన దాన్ని చంపలేదు. లండను జంతుప్రదర్శనశాలకు పంపించాడు. అక్కడ దానికి క్లారిస్సా అని పేరు పెట్టారు. 1971 వరకు అది అక్కడే బ్రతికింది, జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చి చూశారు. ఇంగ్లండులో కార్పు వేట ఒక వ్రతంగా మారింది అప్పటినుంచే అని చెప్పవచ్చును.

ఈ వ్రతం ఎలాగుంటుందో చూడండి. గట్టున గుడారం వేసుకుని రాత్రిళ్ళు కాపలా ఉంటారు. చేప ఎర ముట్టుకుంటే గంట మోగే యంత్రాలు పెట్టుకుంటారు. చేప చిక్కితే నేలమీద పడుకోబెట్టరు, తడిపిన మెత్తని పరుపుమీద పడుకోబెడతారు. గాలం గుచ్చుకున్నచోట మందు రాస్తారు. తూచి, ఫొటో తీసి, రెండు చేతులతో పట్టుకుని అది తేరుకునేదాకా ఆగి నీటిలో వదులుతారు. పెద్ద చేపలకు పేర్లుంటాయి. పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ లేక్స్ అనే చోట బెన్సన్ అనే కార్పు ఉండేది. 64 పౌనులు తూగేది. అది 63 సార్లు పట్టుబడి 63 సార్లూ వదలబడిందని లెక్క. 2009లో చచ్చిపోతే దేశమంతటా పత్రికలు వ్రాశాయి. కెంట్ జిల్లాలో టూటోన్ అనే మరొకటి 68 పౌనులదాకా పెరిగి 2010లో చచ్చిపోయింది. దాన్ని గట్టునే పూడ్చిపెట్టి, ఏళ్ళ తరబడి దానికోసం గాలం వేసినవారు విచారించారు.

మనకు నవ్వు వస్తుంది. కాని ఆవుకు గౌరి అని పేరు పెట్టి, ముసలిదైనా అమ్మకుండా మేపుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళం, మరీ అంతగా నవ్వలేము. పేరు పెట్టిన ప్రాణిని పళ్ళెంలో చూడలేకపోవడం ఎవరికైనా ఉన్నదే.

కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో పోలండు, లిథుయేనియా, చెక్, స్లొవేకియా, హంగేరీ మొదలైన పది దేశాలు చేరాయి. ఆ దేశాలవారు కూలికీ నాలికీ ఇంగ్లండు వచ్చారు. తోటలలో కూరగాయలు కోశారు, ఇళ్ళు కట్టారు, గిడ్డంగులలో మూటలు మోశారు. ఆదివారం సెలవునాడు ఏం చేస్తారు? తమ ఊళ్ళో తండ్రీ తాతా చేసినదే చేశారు. కాలువ గట్టున కూర్చుని గాలం వేశారు. చేప పడింది. ఇంటికి తీసుకుపోయి వండుకున్నారు.

గట్టున ఉన్న ఇంగ్లీషువాడికి గుండె ఆగినంత పనయింది. వాడు పదిహేనేళ్ళుగా పట్టి వదులుతున్న చేప ఎవరి బాణలిలోనో పడింది! పత్రికలవాళ్ళు దీనికి ఉప్పూ కారమూ వేసి వడ్డించారు. పరాయి దేశస్థులు నదులన్నీ ఊడ్చుకు తినేస్తున్నారన్నంత గోల.

ఇందులో నిజమెంతో చూద్దాం. ఇంగ్లండులో గాలం వేయాలంటే ప్రభుత్వపు లైసెన్సు కావాలి. చెరువు సొంతదారు ఉన్నచోట ఆయన అనుమతి కావాలి. అది లేకుండా చేప తీసుకుపోతే 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం నేరం. నదులలో 2010 నుంచి ఒక నియమం ఉన్నది: రోజుకు 15 చిన్న చేపలు, ఒక్కొక్కటి 20 సెంటీమీటర్లు మించనివి, తీసుకుపోవచ్చును, అందులో కార్పు కూడా ఉన్నది. పెద్ద కార్పును మాత్రం వదిలిపెట్టవలసిందే. అంటే చట్టం తినవద్దనలేదు. ఎంత, ఎక్కడ అని చెప్పింది. రాత్రిపూట వల వేసి, గాలాల వరసలు కట్టి, ఎవరి చెరువులోనో చేపలు దోచుకున్నవారు లేకపోలేదు. డబ్బు పోసి చేపపిల్లలను వదిలి, ఏళ్ళ తరబడి చందాలు కట్టి పెంచుకున్న సంఘానికి అది పెద్ద నష్టమే. వారి కోపం ఉత్త కోపం కాదు.

కాని ఆ గాలం వేసేవారిలోనే రెండు మనసులున్నాయి, అదే నాకు ముచ్చటగా తోచిన సంగతి. శుక్రవారం సాయంత్రం కాడ్ చేపను బంగాళాదుంప ముక్కలతో లొట్టలు వేసుకుంటూ తినేవాడే శనివారం కార్పును తిన్నవాణ్ణి హంతకుడంటాడు. కాడ్‌కు పేరు పెట్టలేదు గనుక అడిగేవారు లేరు. పక్క ఏటిలో ట్రౌట్ పట్టేవాడు పట్టిన ట్రౌట్‌ను ఇంటికి తీసుకుపోతే తప్పు పట్టరు. ఇంకొకటి: పెద్ద కార్పు ప్రాణంతో ఉంటే దాని ఖరీదు వేల పౌన్ల దాకా పలుకుతుంది. గనుక చీకట్లో మాయమైన చేప వంటింటికే పోయిందని రూఢిగా చెప్పలేము; డబ్బు తీసుకుని గాలం వేయనిచ్చే మరో చెరువుకే పోయి ఉండవచ్చును. అప్పుడు దొంగసరుకు కొన్నవాడూ కార్పు భక్తుడే అవుతాడు. చివరిది, వారిలో ఆలోచించేవారు తమను తామే అడుగుకునే ప్రశ్న: 63 సార్లు మూతికి గాలం గుచ్చి 63 సార్లు వదలడం ప్రేమా, ఒక్కసారి పట్టి ఆకలికి తినడం ప్రేమా?

జర్మనీ చట్టం ఈ ప్రశ్నకే తన జవాబు చెప్పింది. సరైన కారణం లేకుండా ప్రాణికి బాధ కలిగించరాదని అక్కడి జంతు సంరక్షణ చట్టం. తినడం సరైన కారణం, సరదా కాదు. గాలం వేయాలంటే పరీక్ష ప్యాసు కావాలి, ఆ చదువులో చేపను బాధ లేకుండా చంపడం కూడా నేర్పుతారు. పట్టి, ఫొటో తీసుకుని వదిలినందుకు కోర్టుకెక్కినవారున్నారు. స్విట్జర్లండులో 2009 నుంచి, వదిలేసే ఉద్దేశంతో చేపను పట్టడం నిషేధం. ఇంగ్లండులో పుణ్యాత్ముడనిపించుకున్నవాడు రైలెక్కి అక్కడికి పోయి అదే పని చేస్తే ముద్దాయి అవుతాడన్నమాట.

చెక్ దేశం సంగతి వేరు. అక్కడ త్రేబోన్ అనే ఊరి చుట్టూ నాలుగైదు వందల ఏళ్ళనాటి చేపల చెరువులున్నాయి. అన్నిటికన్న పెద్దది రోజంబెర్క్. యాకుబ్ క్రిచిన్ అనే ఆయన 1584-1590 మధ్య కట్టించాడు. విస్తీర్ణం సుమారు 490 హెక్టార్లు. మన లెక్కలో 1,200 ఎకరాలు. మన రాయలవారి కాలపు చెరువులను తలచుకోండి, ఆ మోస్తరుదే. కాకపోతే మనవారు పైరు కోసం కట్టారు, వారు చేప కోసం కట్టారు. కార్పును మూడు నాలుగేళ్ళు పెంచుతారు. శరదృతువులో చెరువు నీరు వదిలి, వలలు లాగి పడతారు. డిసెంబరు 20 వచ్చేసరికి ఊరూరా వీధి మూలల్లో నీళ్ళ తొట్టెలు వెలుస్తాయి. జనం బారులు తీరి కార్పులు కొంటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి వేయించిన కార్పు, బంగాళాదుంపల సలాడు, కార్పు సూపు ఉండవలసిందే. ఒక పొలుసు తీసి డబ్బుసంచిలో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం.

అక్కడ కూడా మనసులు రెండుగా చీలకపోలేదు. కొందరు కార్పును ప్రాణంతో ఇంటికి తెచ్చి స్నానాల తొట్టిలో రెండు రోజులుంచేవారు. పిల్లలు దానికి పేరు పెట్టేవారు. పేరు పెట్టిన తరువాత ఇంకేముంది? పండుగనాడు ఏడుపులు. కొన్ని కుటుంబాలు ఆ చేపను తీసుకుపోయి నదిలో వదిలి వస్తాయి. చెరువులో పెరిగిన చేప నడి చలికాలంలో నదిలో బ్రతకడం కష్టమని తెలిసినవారు మొత్తుకుంటారు. దయతో వదిలిన చేప రెండు రోజులు ఎక్కువ బాధపడి చస్తుంది. దయకూడా తెలిసి చేయాలి కాబోలు.

నేను ఆఫీసులో గుమాస్తాను. లెడ్జరులో పద్దులు విడదీసి వ్రాయడం నా పని. ఈ పేచీని కూడా పద్దులుగా విడదీస్తే చిక్కు చాలావరకు వీడిపోతుందని నాకు తోస్తున్నది. పెంచిన చేప ఒక పద్దు: తినడానికని విత్తు వేసి, మేత పెట్టి పెంచినది, పంట వంటిది. దాన్ని తినడంలో తప్పేమున్నది? సంఘపు చేప రెండవ పద్దు: నలుగురు చందా వేసుకుని ఆటకోసం ఉంచుకున్నది; తినాలనిపించినా అది మనది కాదు, సొంతదారు నియమమే నియమం. అడవి చేప మూడవ పద్దు: ఎవరూ పెంచనిది, నదిలో తానుగా బ్రతికేది. అది ఎంత మిగిలిందో చూసి మాత్రమే తినాలో వద్దో చెప్పాలి. చేప జాతి ఒక్కటే అయినా పద్దు మారితే ధర్మం మారుతుంది.

మన కర్ణాటకంలోనే ఈ మూడు పద్దులూ ఉన్నాయి. శృంగేరి వెళ్ళనివారు మనలో తక్కువ. అక్కడ తుంగానది మెట్లదగ్గర నల్లగా గుంపులు గుంపులుగా వచ్చే పెద్ద చేపలకు మనం బొరుగులు వేస్తాము. వాటిలో మహసీరు జాతివి ఉన్నాయి. మహసీరు కూడా కార్పు కుటుంబానిదే. ఆ రేవులో వాటిని పట్టరు, తినరు. చేప తినే కుటుంబాలవారు కూడా అక్కడ చెయ్యి జోడించి బొరుగులే వేస్తారు. ఇంటికి వచ్చి కూర మానరు. దీన్ని ఎవరూ కపటమనరు. ఆ రేవు ధర్మం ఆ రేవుది.

కావేరిలోని మహసీరు కథ కొంచెం బరువైనది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ 1873లో మన దేశపు గాలపు వేట మీద పుస్తకం వ్రాసి ఈ చేపను లోకానికి చాటాడు. మైసూరి వాన్ ఇంజెన్ కుటుంబంలోని ఒకాయన 1946లో కబినీలో 120 పౌనుల మహసీరును పట్టాడు. గాలంతో పట్టిన మహసీరులలో దానిని మించినది నేటికీ లెక్కలోకి రాలేదు. తరువాత నదిలో మందుగుండు పేల్చి చేపలను చంపడం పెరిగింది. 1972లో ఏర్పడిన వైల్డ్ లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియావారు కావేరిలో కొంత భాగం కాపలా కాసి, పట్టి వదిలే పద్ధతి పెట్టారు. అంతకుముందు దొంగతనంగా చేపలు పట్టిన చుట్టుపక్కల పల్లెలవారిలో కొందరు గాలం వేసేవారికి దారి చూపే పనిలో కుదిరారు. చేప బ్రతికి ఉంటేనే జీతం. కాపలా దానంతటదే కుదిరింది. అటు తరువాత అభయారణ్యంలో గాలపు వేట కూడదని 2010 తరువాతి సంవత్సరాలలో దాన్ని ఆపివేశారు. కాపలా మనుషులు పోయాక మందుగుండు మళ్ళీ వచ్చిందని గాలం వేసేవారి వాదం. అభయారణ్యంలో సరదా వేటకు చోటేమిటని అటవీ శాఖ పక్షపు వాదం. రెండిటిలోనూ కొంత పస ఉన్నది.

ఇంకొక చిత్రం. మహారాష్ట్రంలో లోనావాలా దగ్గర పెంచిన మరోరకం మహసీరు పిల్లలను ఏళ్ళ తరబడి కావేరిలో వదిలారు. మంచి ఉద్దేశంతోనే. అవి పెరిగాయి, మన మూపుగల పాత మహసీరు తరిగిపోయింది. 2018లో శాస్త్రజ్ఞులు ఆ పాత చేప టోర్ రెమదేవి అనే జాతిదని తేల్చారు. అదే ఏడు దాన్ని అంతరించే ప్రమాదం అన్నిటికన్న ఎక్కువగా ఉన్న జాతుల పట్టీలో చేర్చారు. ఈ చేపను ఎవరైనా వండుకుంటానంటే నేను కూడా వద్దనే అంటాను. అది పాపమని కాదు, మిగలలేదని.

తినే పద్దుకు మన తెలుగుదేశమే సాక్ష్యం. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు సూదిమందుతో మన కార్పు జాతులను చెరువులోనే గుడ్లు పెట్టించే పద్ధతి సాధించారు. ఆ జూలై 10నే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. అంతవరకూ నదిలో వరదనాడు ఏరుకోవలసిన చేపపిల్ల ఆ తరువాత వరి విత్తనం వలె దొరికింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి మంచుపెట్టెలలో లారీలెక్కి కలకత్తాకు, అస్సాముకు, ఒరిస్సా ఊళ్ళకు పోతున్నాయి. బరంపురంలోని మన సభ్యులు “ఆంధ్ర చేప” అనే మాట బజారులో రోజూ వింటూనే ఉంటారు. పక్క రాష్ట్రంవారికి ముద్దగా దిగుతున్న ఈ చేప కూడా కార్పే. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అది పుట్టిందే పులుసుకు.

పులుసు మాట వచ్చింది గనుక ఒక్క వంటింటి ముక్క. చెరువు చేప మట్టివాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి జల్లుకు నేల నుంచి వచ్చే వాసన కూడా అదే. చేపను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే ఆ వాసన తగ్గుతుంది. పులుపు తగిలితే ఇంకా విరుగుతుంది. మన అమ్మమ్మలు ఏ సైన్సూ చదవకుండానే చింతపండు పిసికి పోశారు. ఇంగ్లీషువారికి చింతచెట్టు ఉండి ఉంటే కార్పుకు ఈ వైభవం పట్టి ఉండేది కాదేమో!

ఇక గుమ్మం సంగతి. నాకు పెళ్ళయిన కొత్తలో, ఇరవై ఏళ్ళనాడు, బెంగుళూరులో ఇంటికోసం తిరిగాము. ఒక ఇల్లు నచ్చింది. బాడుగ కుదిరింది, అడ్వాన్సు లెక్క కూడా అయింది. చివరికి ఇంటాయన కన్నడంలో మెల్లగా “మీను మాడ్తీరా?” అన్నాడు. చేప వండుతారా అని. మా ఆవిడ నా ముఖం చూసింది. నేను “ఆదివారాలు మాత్రమేనండీ” అన్నాను. ఇల్లు రాలేదు. అంతవరకూ నాకేమీ బాధలేదు, ఇల్లు ఆయనది, వాసన పడకపోవచ్చును. కాని మేము గేటు దాటుతుంటే ఆయన లోపలివారితో, ఈ చేపలు తినేవారికి శుచీ శుభ్రం ఉండదని అన్నమాట వినబడింది. మా ఆవిడ రోజుకు రెండుసార్లు ఇల్లు కడిగే మనిషి. ఆ మాట నేను మరిచిపోయానేమో గాని ఆమె మరిచిపోలేదు.

ఇప్పుడు కాలం తిరిగింది. మన సంఘపు సభ్యులలోనే మేడమీద వాటాలు అద్దెకిచ్చేవారు ఎందరో ఉన్నారు. భువనేశ్వరం నుంచి, గౌహతి నుంచి, కలకత్తా నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు తలుపు తడుతున్నారు. వారు ఆవనూనెలో చేప వేయిస్తారు. కొందరు ఎండుచేప కూడా వండుతారు. మన సమావేశాలలో కాఫీ తాగుతూ వారి గురించి మాట్లాడే మాటలు నేను విన్నాను. ఇరవై ఏళ్ళనాడు గేటు దగ్గర విన్న మాటలే. చెప్పేవారిలో చేప తినేవారు కూడా ఉన్నారు. మన చింతపండు పులుసు వాసన కాదట, వారి ఆవనూనె వాసనట!

నేను చెప్పదలచినది ఇంతే. నియమం వేరు, ఏవగింపు వేరు. “ఈ చెరువులో పట్టిన చేప వదిలిపెట్టాలి” అనేది నియమం. “ఈ వాటాలో చేప వండకూడదు” అనేది కూడా, ఇంటివారి ఇష్టం కొద్దీ, నియమమే. నియమమైతే ముందే చెప్పాలి, ఎదుటివాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, అందరికీ ఒకటిగా చెప్పాలి. ఏవగింపు అట్లా కాదు. అది ముందు చెప్పదు. తరువాత వెనుకనుంచి అంటుంది. చేపను విడిచి మనిషిని పట్టుకుంటుంది.

ఇంగ్లండులో కొంత మంచి జరిగింది. అక్కడి ఆంగ్లింగ్ ట్రస్టువారు వలసవచ్చినవారితో కలిసి పనిచేయడానికి ఒక కార్యక్రమం పెట్టారు. చెరువు గట్లమీద నియమాలను పోలిష్, లిథుయేనియన్ మొదలైన భాషలలో వ్రాసి పెట్టారు. వలసవచ్చినవారిని గాలం సంఘాలలో సభ్యులుగా చేర్చుకున్నారు. చాలామందికి అప్పటిదాకా ఆ నియమం ఉన్నదనే తెలియదు. వారి ఊళ్ళో పట్టినవాడు తినకుండా వదిలితే పిచ్చివాడంటారు మరి. తెలిసిన తరువాత పాటించారు, కొందరు తామే కాపలా కాశారు. దొంగలు దొంగలుగానే మిగిలారు. వారికోసం చట్టం ఉన్నది. ఆకలికి పట్టి తిన్న అమాయకుణ్ణీ, వల వేసి దోచిన దొంగనూ ఒకే గాటన కట్టడం మానేశారు, అదే మేలు.

మనం కూడా అంత పని చేయలేమా? అద్దెకిచ్చేవారు అడ్వాన్సు మాట్లాడకముందే వంట సంగతి చెప్పండి. పొగ పోయే ఫ్యాను పెట్టించుకోమనండి. ముళ్ళూ పొలుసులూ కాగితంలో చుట్టి చెత్తబండికి ఇమ్మనండి. ఇవన్నీ నియమాలు, ఎవరికీ నొప్పి లేదు. బజారుకు వెళ్ళేవారు అడవి మహసీరు తక్కువకు వస్తుందని ఎవరైనా చెవిలో చెబితే కొనకండి. చెరువు బొచ్చె తీసుకోండి, చవకా, రుచీ. చేప తినని ఇళ్ళవారు తినకండి, అది మీ ఆచారం, దాన్ని గురించి కూడా ఎవరూ వెక్కిరించకూడదు.

మేడమీద కొత్తగా దిగిన పిల్లలు ఒకనాడు గిన్నెలో ఏదైనా పంపితే, ముందు గిన్నె తీసుకోండి. తినాలో లేదో తరువాత ఆలోచించుకోవచ్చును. గిన్నె తిరిగి పంపేటప్పుడు మాత్రం ఖాళీగా పంపకండి; మన పెద్దలు అట్లా పంపి ఎరుగరు.